కొక్కేనికి ఎక్కని పని

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చేయాల్సిన పనులు కాగితం మీద రాసుకునే మనిషి ఎవరైనా ఉన్నారంటే అది నేనొక్కదాన్నే. పెద్దవాళ్ళకు ఆ అవసరమే లేదు. బిందె ఖాళీగా కనిపిస్తే నీళ్ళు తేవాలి, చేను ఎండితే తడి పెట్టాలి, అంతే. నాకు మాత్రం ఆరో తరగతిలో కొత్తగా వచ్చిన ఒక మాస్టారు ఆ జబ్బు అంటించారు. పొద్దున లేవగానే ఆ రోజు పనులు వరసగా రాసుకోండి, సాయంత్రం అయినవాటిని గీత పెట్టి కొట్టేయండి, మీ జీవితాలు బాగుపడతాయి అన్నారు. వారం తిరక్కుండానే తరగతి మొత్తం మానేసింది. మాస్టారు కూడా మరిచిపోయారు. నేను మానలేదు. ఈ వయసులో కూడా పొద్దున కాఫీ తాగుతూ రాసుకుంటాను. జీవితం బాగుపడిందా అని అడగకండి.

మొన్న మా మనవరాలు నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చింది. హైదరాబాదులో ఆఫీసు పని. నా నోటుబుక్కు చూసి నవ్వి, తన ఫోను తీసి చూపించింది. అందులో ఒక పక్క గోల్స్, ఒక పక్క ప్రాజెక్టులు. రెంటికీ తేడా ఏమిటే అని అడిగితే, దాని మీద ఆఫీసులో రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు అమ్మమ్మా, అయినా నాకు సరిగ్గా ఎక్కలేదు అంది. గోల్స్ కింద ‘ఆరోగ్యంగా ఉండాలి’ అని రాసుకుంది. ప్రాజెక్టుల కింద కూడా అదే రాసుకుంది. రెండు చోట్లా అది కదలకుండా కూర్చుందట. రోజూ చూసుకోవడం, నా వల్ల కాదు అని దిగులు పడటం. నాకు నవ్వొచ్చింది, కానీ ఎక్కువసేపు నవ్వలేకపోయాను. సరిగ్గా ఆ తప్పే నేను పదకొండేళ్ళప్పుడు చేశాను. దాని వల్ల మా అమ్మ మంచం మీది నుంచి కింద పడింది.

మాది దమ్మపేట అవతల, అడవి మొదలయ్యే చోట ఒక ఊరు. మా తాతల నాడు కోస్తా వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన రైతు కుటుంబం మాది. అమ్మా, నాన్నా, నేనూ ముగ్గురమే. ఉగాది వెళ్ళిన వారానికి అమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పూటలో పోయాయి. నాన్న ఎడ్లబండిలో కొంత దూరం, బస్సులో కొంత దూరం ఖమ్మం తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు పది రోజులు చూసి, ఇక మందులతో అయ్యేది లేదు, ఇంటికి తీసుకెళ్ళి కనిపెట్టుకుని ఉండండి అన్నాడట. ఆ మాట నాన్న మాకెవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు.

నాన్న ఒప్పుకునే మనిషి కాదు. భద్రాచలం మెట్లు ఎక్కించి అమ్మకు దర్శనం చేయిస్తానని మొక్కుకున్నాడు. పావురం రక్తంతో మర్దన చేస్తే నరాలు లేస్తాయని ఎవరో అంటే అదీ చేయించాడు. ఫలానా గూడెంలో వేరు నూరి ఇచ్చే వైద్యుడున్నాడంటే తెల్లారేసరికి బయల్దేరేవాడు. చేను ఎండిపోతోందని పాలేరు వచ్చి చెప్తే విసుక్కునేవాడు. ఇంట్లో ఉన్న కాసేపూ అమ్మ పక్కన కూర్చుని, “నిన్ను నడిపిస్తాను, నువ్వు చూస్తూ ఉండు” అనేవాడు. అమ్మ ఎడమ కంట్లోంచి మాత్రం నీళ్ళు కారేవి.

నా నోటుబుక్కులో కూడా మొదటి గీత అదే. ‘అమ్మను నడిపించాలి.’ దాని కింద నీళ్ళు తేవడం, గేదెకు కుడితి పెట్టడం, లెక్కలు చేయడం. సాయంత్రానికి కిందవన్నీ కొట్టేసేదాన్ని. పైది అలాగే ఉండేది. మర్నాడు కొత్త పేజీలో మళ్ళీ అదే మొదటి గీత. ఒక నెల పేజీలు తిరగేస్తే అన్నిటి నెత్తినా అదే, ఒక్కదాని మీదా గీత లేదు. నేను సరిగ్గా ప్రయత్నించడం లేదనిపించేది. మిగిలిన పనులన్నీ చేయగలిగి ఇదొక్కటి ఎందుకు చేయలేకపోతున్నానని నా మీద నాకే కోపంగా ఉండేది.

ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం, నాన్న ఊళ్ళో లేనప్పుడు, ఇవాళ ఎలాగైనా ఆ గీత కొట్టేయాలని తీర్మానించుకున్నాను. అమ్మ చంకల కింద చేతులు వేసి లేపాను. అమ్మ ఏవో శబ్దాలు చేసింది. వద్దంటోందని నాకు తెలుసు. తెలిసీ వినలేదు. రెండు కాళ్ళూ నేల మీద పెట్టించి, నిలబడమ్మా, ఒక్కసారి నిలబడు అన్నాను. ఒక్క క్షణం నిలబడ్డట్టే అనిపించింది. తర్వాత ఇద్దరం కలిసి పడ్డాం. అమ్మ నుదురు మంచం కోడుకు తగిలి చిట్లింది. పనిచేయని చెయ్యి ఆమె ఒంటి కిందే మెలిపడిపోయింది. మాట లేని మనిషి అరుపు ఎలా ఉంటుందో ఆ రోజు విన్నాను.

మా ఇంటి గోడకు ఆనుకుని ఒక దర్జీ కొట్టు ఉండేది. దర్జీ తాత వాళ్ళది ఆ ఊళ్ళో మాకంటే పాత కుటుంబం. ఆయన భార్యను ఊరంతా దాదీ అనే పిలిచేది. అమ్మ పడ్డ చప్పుడు గోడ అవతలకు వినిపించి దాదీ పరుగెత్తుకొచ్చింది. అమ్మ మంచాన పడ్డప్పటి నుంచీ ఆమే పొద్దునా సాయంత్రం వచ్చి ఒళ్ళు తుడిచి, చీర మార్చి వెళ్ళేది. ఇద్దరం కలిసి అమ్మను మళ్ళీ మంచం మీదికి చేర్చాం. దాదీ నన్ను తిట్టలేదు. నుదుటికి పసుపు అద్ది, అమ్మ ఊపిరి కుదుటపడే దాకా పక్కనే కూర్చుని, నన్ను మాత్రం బయటికి పొమ్మంది.

నేను నోటుబుక్కు పట్టుకుని వెళ్ళి దర్జీ తాత కొట్టు మెట్టు మీద కూర్చున్నాను. ఎందుకు పట్టుకెళ్ళానో తెలియదు. ఆయన మిషను తొక్కడం ఆపాడు. ఆయనకు తెలుగు మాట్లాడటం బాగా వచ్చు, చదవడం రాదు. అందులో ఏం రాసుంది, చదువు అన్నాడు. ఏడుస్తూనే చదివాను. ఆ రోజు పేజీ అంతా విన్నాడు. నిన్నటిది చదువు అన్నాడు. మొన్నటిది చదువు అన్నాడు. నాలుగు పేజీలయ్యాక ఇక చాలు అన్నాడు.

ఆయన కొట్టు పద్ధతి ఒకటి చెప్పాలి. గోడకు ఒక పెద్ద ఇనుప కొక్కెం ఉండేది. ఎవరు గుడ్డ తెచ్చినా ఆయన రెండే ప్రశ్నలు అడిగేవాడు, ఏం కుట్టాలి, ఎన్నడు కావాలి. ఆ రెండూ తన గుర్తులతో ఒక చీటీ మీద వేసుకుని, చీటీని గుడ్డకు గుచ్చి కొక్కేనికి తగిలించేవాడు. రెంటిలో ఏ ఒక్కటి చెప్పలేకపోయినా గుడ్డ వెనక్కి ఇచ్చేసేవాడు, ఎంత పెద్దవాళ్ళైనా సరే. ఒకసారి మోతుబరి ఇంటి కోడలు పట్టుగుడ్డ తెచ్చి, పెళ్ళిలో అందరి కళ్ళూ నా మీదే ఉండాలి, ఎలా కుడతావో నీ ఇష్టం అంది. అందరి కళ్ళు నీ మీద పెట్టుడు నాతోని కాదు బిడ్డా, జాకెట్ చెప్పు, జాకెట్ కుడత అని గుడ్డ మడిచి చేతిలో పెట్టాడు. ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళి, సాయంత్రానికి చేతుల పొడవూ మెడ లోతూ రాయించుకుని తిరిగొచ్చింది.

నా నోటుబుక్కు విన్నాక ఆయన ఆ కొక్కెం వైపు చెయ్యి చూపించాడు.

“నీ మొదటి గీత దానికెక్కది బిడ్డా. మీ అమ్మ నడవాలె, అవ్. నేను గూడ నమాజుల గదే అడుగుతున్న, దినాం ఐదు పూటలు. గానీ గది పని గాదు, దువా. పనికైతే కత్తెర పెట్టే జాగ ఉంటది, మడతపెట్టి ఇచ్చే రోజు ఉంటది. నీ దాన్ల రెండూ లెవ్వు. ఎక్కడ్నని కత్తిరిస్తవ్?”

అమ్మ ఇక లేవదంటున్నాడేమోనని నాకు కోపం వచ్చింది. ఆయన నా కోపాన్ని పట్టించుకోలేదు. రేపు పొద్దుగాల మీ అమ్మకు దేనితోని కష్టమైతదో గది చెప్పు, పెద్దది చెప్పకు, రేపటిది చెప్పు అన్నాడు.

రేపటిది అంటే నాకు వెంటనే తెలిసింది. జాకెట్టు. రోజూ పొద్దున నేనూ దాదీ కలిసి పనిచేయని ఆ చేతిని బిగుతైన జాకెట్టు చేతిలోకి దూర్చడానికి అవస్థ పడేవాళ్ళం. భుజం కదిలితే అమ్మ పళ్ళు కరుచుకుని వణికిపోయేది. చివరికి దాదీ జాకెట్టు తొడగడమే మానేసి, చీర కొంగు రెండు చుట్లు చుట్టి వదిలేసేది. ఆ రోజు నుంచి అమ్మ గది తలుపుకు దుప్పటి కట్టించుకుంది. పలకరించడానికి ఎవరొచ్చినా ఎడమ చెయ్యి ఊపి పంపించేయమనేది. ఎప్పుడూ తల దువ్వుకుని నిండుగా కనిపించే మనిషి, రవిక లేకుండా నలుగురి కంటా పడటం భరించలేకపోయింది. ఆ గదిలో గాలి లేదు, వెలుతురు లేదు. అయినా బయటికి రానంది.

అదంతా చెప్పాను. తాత కళ్ళద్దాలు తుడుచుకుని, “గిదిగో, గిప్పుడు గుడ్డ తెచ్చినవ్” అన్నాడు. కుడి భుజం మీది నుంచి మోచేతి దాకా మొత్తం తెరిచేసి, గుండీలకు బదులు నాడాలు కుడితే చెయ్యి ఎత్తక్కరలేదు, కింద పరిచి పైన ముడులు వేయొచ్చు అన్నాడు. అలాంటిది తన జన్మలో కుట్టలేదట. బేస్తవారం ఇస్తానన్నాడు. చీటీ వేసి కొక్కేనికి తగిలించి, ఇంటికి పోయి మీ అమ్మ ఆది జాకెట్టు తెమ్మన్నాడు.

ఆది జాకెట్టు అంటే అందరికీ తెలిసిందే, కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు. మగ దర్జీ ఆడవాళ్ళ ఒంటికి టేపు పెట్టడు కాబట్టి ఎవరైనా అదే ఇస్తారు. నేను ట్రంకు పెట్టె తెరిచి, ఉగాదికి అమ్మ కుట్టించుకున్న లేత నీలం జాకెట్టు తీసుకెళ్ళి ఇచ్చాను. తాత దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. గిదేనా అన్నాడు. అదే అన్నాను. సరేనని మడిచి పక్కన పెట్టుకున్నాడు.

గురువారం సాయంత్రం కుట్టి ఇచ్చాడు. మంచి గుడ్డ కాదు, లోపలి లైనింగుకు వాడే ముతక గుడ్డ. నాకది కొంచెం చిన్నతనంగా అనిపించింది. కానీ పని మాత్రం అద్భుతంగా చేసింది. దాదీ దాన్ని అమ్మ వీపు కింద పరిచి, చేతిని అంగుళం కూడా ఎత్తకుండా పైన ముడులు వేసింది. అమ్మ ఒక్కసారి కూడా పళ్ళు కరుచుకోలేదు. తీరా తలగడకు ఆనించి కూర్చోబెడితే, జాకెట్టు భుజాల మీది నుంచి జారిపోయింది. మెడ రొమ్ముల దాకా వేలాడింది. చంకల దగ్గర గుడ్డ సంచిలా ముడుచుకుంది. అమ్మ తల వంచుకుని దాన్ని చూసుకుంది. ఎడమ చేత్తో ఆ వదులు గుడ్డను గుప్పిట్లోకి పట్టుకుని, నా వైపు చూసింది.

జాకెట్టు చుట్టచుట్టి తాత ముందు పడేశాను. తప్పు కుట్టావు తాతా అన్నాను.

“ఆది ప్రకారమే కుట్టిన. ఆదే తప్పు. టేపు తీస్కపోయి కొలిచి తే.”

నాకు అర్థం కాక కాదు, అర్థమయ్యే మొండికేశాను. “అమ్మకి తగ్గాక ఆ నీలందే సరిపోతుంది” అన్నాను.

“సరిపోయిన్నాడు గదే కుడత, కిరాయి గూడ తీస్కోను. నేను ఇయ్యాలటి మనిషికే కుడత బిడ్డా. నువ్వు ఉగాదినాటి మనిషిని తెచ్చినవ్.”

ఇంతకూ ఆయనకు ముందే తెలుసు. తెలిసే ముతక గుడ్డ వాడాడు. నేను నోటితో చెప్తే వినే రకం కాదని పసిగట్టి, ఒక జాకెట్టు గుడ్డ పాడు చేసుకోవడానికి సిద్ధపడ్డాడు. ఆ సంగతి నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక గానీ తట్టలేదు. అప్పుడు మాత్రం, ముసలాడికి దయాదాక్షిణ్యం లేవనుకున్నాను.

టేపు మెడలో వేసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎలా అడగాలో తెలియలేదు. టేపు చూపించాను. అమ్మ కాసేపు దాన్నే చూసి, ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తి పట్టుకుంది, దర్జీ ముందు నిలబడ్డ చిన్నపిల్ల ఎత్తినట్టు. ఛాతీ చుట్టూ టేపు తిప్పాను. నీలం జాకెట్టు ముప్పై నాలుగు. టేపు ఇరవై ఎనిమిది చూపించింది. నేను తప్పు చదివానేమోనని మళ్ళీ పెట్టాను. భుజం పక్కన ఎముక వేలికి తగిలింది. తర్వాత చెయ్యి చుట్టుకొలత తీశాను. ఎందుకు బుద్ధి పుట్టిందో, అదే టేపు నా చేతికి పెట్టి చూసుకున్నాను. ఇద్దరివీ ఒకటే అంకె. అమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది, అంకెలు చూసింది. ఆ అంకెలన్నీ నోటుబుక్కులో పేజీ పైనుంచే రాసుకున్నాను. ఆ పేజీలో మొదటిసారి పైన ‘అమ్మను నడిపించాలి’ అని రాయలేదు. రాయకూడదనుకుని కాదు, చోటు చాలలేదు.

ఆ అంకెలతో కుట్టిన జాకెట్టు సరిగ్గా కూర్చుంది. ఈసారి మంచి గుడ్డ, చిలకపచ్చ. నాడాలు నా చేత కుట్టించాడు, వంకరగా కుట్టినవి విప్పించి మళ్ళీ కుట్టించాడు. అది తొడిగిన రోజు దాదీ తలుపుకు కట్టిన దుప్పటి విప్పేస్తే అమ్మ వద్దనలేదు. కుర్చీలో కూర్చోబెట్టి వాకిట్లోకి మోసుకొచ్చాం. దమ్మపేట బస్సు వెళ్ళింది. ఎవరివో గేదెలు వెళ్ళాయి. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి మాట్లాడారు. అమ్మ కొంగు సర్దుకుంటూ, సగం మూతితో నవ్వింది. ఖమ్మం నుంచి వచ్చాక అమ్మ ఆకాశం చూడటం అదే మొదలు. నా నోటుబుక్కులో ‘అమ్మ జాకెట్టు’ అన్న గీతను కొట్టేశాను. అంత బలంగా కొట్టాను, కాగితం చిరిగింది.

ఆ తర్వాత నాకు పట్టు దొరికింది. తాత అడిగినట్టే నన్ను నేను అడుక్కునేదాన్ని, రేపు దేనితో కష్టం అని. గ్లాసుతో తాగిస్తే నీళ్ళు మెడ మీదికి కారుతున్నాయి, దాదీ ఇంట్లోంచి ముక్కు చెంబు తేవాలి. మంచం కిటికీ వైపు తిప్పాలి. వీపు కింద పుండు పడకుండా గంటకోసారి పక్కకు తిప్పాలి. అన్నీ అయ్యేవి. అన్నీ కొట్టేసేదాన్ని. అమ్మ మాత్రం రోజురోజుకూ చిక్కిపోయేది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నేను చేసిన ఏ పనీ ఆమెను ఒక్క అంగుళం కూడా లేవనెత్తలేదు.

నాన్నకు ఆ జాకెట్లు నచ్చలేదు. చిలకపచ్చది మొదటిసారి చూసినప్పుడే మొహం మాడ్చుకున్నాడు. వానలు మొదలయ్యాక అమ్మ చలికి వణుకుతోందని, మణికట్టు దాకా చేతులుండేలా మందపాటి గుడ్డతో ఇంకొకటి మొదలుపెట్టాను. ఈసారి తాత సుద్దతో గీతలు గీసిచ్చాడు, కత్తెర నేనే పెట్టాను. టేపు కూడా ఎవరూ చెప్పకుండానే మళ్ళీ తీశాను. ఇరవై ఆరు. ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కుడుతుంటే నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు.

“మంచంలో మనిషికి కుట్టే బట్టలా ఇవి? నేను ఆమెను నడిపిస్తానంటుంటే నువ్వు ఇది కుడుతున్నావా?”

నేను సూది ఆపలేదు. నాన్న ఆ మధ్యాహ్నమే భద్రాచలం దారిలో అడవి లోపలున్న ఒక గూడేనికి బయల్దేరాడు. అక్కడి వైద్యుడి తైలం పనిచేస్తుందని ఎవరో గట్టిగా చెప్పారట. రెండు రోజుల్లో వచ్చేస్తానన్నాడు.

ఆ రెండు రోజులూ వాన తెరిపివ్వలేదు. వాగులు పొంగి దారులు తెగిపోయాయి. అమ్మకు జ్వరం అందుకుంది. మూడో రోజు పొద్దున నేను తాత కొట్టులో జాకెట్టుకు చివరి నాడా కుట్టి, దారం తెంపి, మడిచి పెట్టాను. అయిపోయిందని అమ్మకు చెబుదామని ఇంట్లోకి వెళ్ళాను. దాదీ అమ్మ కళ్ళు మూస్తోంది.

నాన్న కోసం మర్నాటి దాకా ఆగాం. వాన ఆగాక మధ్యాహ్నం వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద. వాగు అవతల చెట్ల కింద రెండు పగళ్ళు కూర్చుని, నీళ్ళు తగ్గీతగ్గకముందే దాటి వచ్చాడు. చేతిలో తైలం సీసా ఉంది. జనాన్ని చూసి కూడా ఆగలేదు. నేరుగా లోపలికి వచ్చి, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, సీసా మూత తీశాడు. అరచేతిలో తైలం పోసుకుని ఆ కుడి కాలికి రాయడం మొదలుపెట్టాడు.

ముత్తైదువుగా పోయింది కాబట్టి కొత్త చీర కట్టి, మంచి రవిక తొడగాలన్నారు ఆడవాళ్ళు. ఎవరో పెట్టెలోంచి అమ్మ పెళ్ళినాటి జాకెట్టు తీశారు. బిగుసుకుపోయిన చేతికి అది ఎక్కలేదు. గట్టిగా లాగితే ఎక్కుతుందన్నారెవరో. నేను కొట్టు వైపు పరుగెత్తి, మడిచి పెట్టిన జాకెట్టు తెచ్చి దాదీ చేతిలో పెట్టాను. దాదీ దాన్ని వీపు కింద పరిచింది. సరిగ్గా కూర్చుంది. ఎక్కడా ఒక ముడత లేదు. అమ్మ చేతిని ఎవరూ లాగలేదు.

నాన్న ఇంకా కాళ్ళ దగ్గరే ఉన్నాడు. తైలం అయిపోయింది, ఉత్త అరచేతులతో రుద్దుతున్నాడు. చూడలేకపోయాను. పక్కన కూర్చుని, “నాన్నా, ఈ ముడులు నువ్వు వెయ్యి” అన్నాను. మగవాళ్ళు వేయకూడదని ఎవరో గొణిగారు. దాదీ వాళ్ళ వైపు ఒక చూపు చూసింది, అంతే. నాన్న అమ్మ భుజం మీది నాడా ముడి వేశాడు. అది జారితే మళ్ళీ వేశాడు. దాని కిందిది, దాని కిందిది, మణికట్టు దాకా. నాలుగు నెలల్లో అమ్మ కోసం ఆయన చేసి ముగించగలిగిన పని అదొక్కటే. చివరి ముడి వేశాక చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇప్పుడేం చెయ్యాలే అని నన్ను అడిగాడు. పదకొండేళ్ళ పిల్లను అడిగాడు.

తర్వాత నేను చదువుకున్నాను, ఆఫీసులో గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేశాను. పనిమంతురాలని పేరు తెచ్చుకున్నాను. ఏ ఫైలు వచ్చినా, ఏ కష్టం వచ్చినా, ఇందులో నా కత్తెర పెట్టే జాగా ఎక్కడ అని చూసుకోవడం నాకు ఆయన నేర్పిన అలవాటు. మనవరాలికి కూడా అదే చెప్పాను. ఆరోగ్యంగా ఉండటం నీ ఫోనులో ఎన్నాళ్ళున్నా తీరే పని కాదే, రేపు పొద్దున ఏం చేస్తావో అది రాయి అన్నాను. సరే అమ్మమ్మా అని ఏదో రాసుకుంది. ఆ పిల్లకు పనికొస్తుంది, నాకు అనుమానం లేదు. దర్జీ తాత చెప్పింది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు.

కానీ మనవరాలికి చెప్పనిది ఒకటుంది. నాన్న చివరి దాకా అమ్మ నడుస్తుందనే నమ్మాడు, నమ్మే ఆ వాగు దాటాడు. నాకు ఆ నమ్మకం ఎప్పుడు పోయిందో తెలియదు. జాకెట్టు రంగులు చెప్పగలను, నాడాలు ఎన్నో చెప్పగలను, అది పోయిన రోజు ఏదో మాత్రం చెప్పలేను. రెండోసారి టేపు పట్టుకుని వెళ్ళినప్పుడు అమ్మ మళ్ళీ అలాగే ఎడమ చెయ్యి ఎత్తింది. నేను అంకె చూస్తున్నాను. ఆమె టేపును చూడలేదు, నా మొహాన్నే చూసింది. ఇక తను లేవదని నేను అప్పటికే ఒప్పేసుకున్నట్టు ఆ మొహంలో ఆమెకు కనిపించిందేమోనన్న భయం, డెబ్భై దాటాక కూడా, నన్ను వదల్లేదు.